కుక్కతో రెండు రోజులు: జర్మనీ పాత ఊళ్లలో దేన్ని ఎంచుకోవాలి?

జర్మనీలో చూడదగ్గ పాత ఊళ్లకు కొదవ లేదు. రోథెన్‌బుర్గ్, బాంబెర్గ్, రేగెన్స్‌బుర్గ్, క్వేడ్లిన్‌బుర్గ్, ల్యూబెక్, హైడెల్‌బెర్గ్ అంటూ ఎవర్ని అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకు మాత్రం ఆ చెప్పడం సగమే పనికొస్తుంది. చర్చిలోకి కుక్కను రానివ్వరు. మ్యూజియం, రాజభవనం గదులు కూడా అంతే. అందరూ మెచ్చుకునేవి ఎక్కువగా గుమ్మం లోపలే ఉంటాయి, మనమేమో లీష్ పట్టుకుని గుమ్మం బయట ఉంటాం.

మేం దక్షిణ జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉంటాం. మా కుక్క ఝాన్సీ టీర్‌హైమ్ నుంచి, అంటే దిక్కులేని జంతువుల్ని చూసుకునే చోటు నుంచి, మా ఇంటికొచ్చింది. బరువు 19 కిలోలు, జాతి ఏమిటంటే ఎవరూ చెప్పలేరు. దాన్ని వెంటబెట్టుకుని ఈ ఊళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. ఊరు ఎంత అందంగా ఉందన్నది రెండో ప్రశ్న. మొదట చూడాల్సింది, ఊరి నడిబొడ్డు నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే గడ్డి, నీడ, నీళ్లు దొరుకుతాయా లేదా అన్నది. అవి దొరికితే కుక్క మధ్యాహ్నానికి కుదుటపడుతుంది, మనకూ ఊరు చూసే ఓపిక మిగులుతుంది. దొరక్కపోతే ఎంత గొప్ప ఊరైనా సాయంత్రానికి ఇంటికెళ్లిపోదామనిపిస్తుంది. కింద చెప్పినవన్నీ ఈ లెక్కలో చెప్పినవే.

ముందు రైలు సంగతి

ఊరు ఎంచుకునే ముందు అక్కడికి చేరడమెలాగో చూసుకోవాలి. డాయిచె బాన్ రైళ్లలో పెంపుడు పిల్లి అంత సైజులో ఉండి బుట్టలో పట్టే కుక్కకు టికెట్ అక్కర్లేదు. అంతకంటే పెద్దదైతే దూరప్రయాణ రైళ్లలో సగం ధర టికెట్ కొనాలి. లీష్ ఉండాలి, మూతికి మౌల్‌కోర్బ్ ఉండాలి. మన దగ్గర పైరు మేయకుండా ఎద్దు మూతికి చిక్కం కడతారే, అదే. లోకల్ రైళ్లు, బస్సుల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో నిబంధన ఉంటుంది కాబట్టి వెళ్లే ప్రాంతం రూల్స్ ముందు రోజే చూసుకోండి. మన దగ్గర దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కదా అని కుక్కకు కూడా సరిపోతుందనుకోవద్దు, అది మన ఒక్కరికే.

ఝాన్సీకి టికెట్ కొన్నామని ఫోన్లో చెబితే తెనాలిలో మా అమ్మ నమ్మలేదు. "కుక్కకి రైలు టికెట్టేంటే? ఏదీ, చూపించు," అంది. వీడియో కాల్లో టికెట్ చూపించాక, "అయితే దానికి సీటు కూడా ఇస్తారా?" అని అడిగింది. సీటు ఇవ్వరు. మన కాళ్ల దగ్గరే పడుకోవాలి. అందుకే సీటు రిజర్వ్ చేసేటప్పుడు మధ్యలో బల్ల ఉండే సీట్లు తీసుకోండి, బల్ల కింద చోటుంటుంది. శుక్రవారం సాయంత్రం రైళ్లలో కాలు పెట్టే సందు ఉండదు. శనివారం పొద్దున్నే బయల్దేరడం కుక్కకు చాలా నయం.

చిక్కం ప్రయాణం రోజే మొదటిసారి తొడిగితే కుక్క బెంబేలెత్తిపోతుంది. రెండు వారాల ముందు నుంచే లోపలివైపు కాస్త గట్టి పెరుగు రాసి, దానంతట అదే మూతి పెట్టేలా అలవాటు చేయండి. నాలుగో రోజుకల్లా చిక్కం బయటికి తీస్తే చాలు, ఝాన్సీ తోక ఊపుకుంటూ వచ్చేది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు: బాంబెర్గా, రేగెన్స్‌బుర్గా?

రెండూ మేముండే బవేరియా రాష్ట్రంలోవే. రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే, బాంబెర్గ్ 1993లో చేరింది, రేగెన్స్‌బుర్గ్ 2006లో. నూరెంబెర్గ్ నుంచి రెండింటికీ దాదాపు గంటలోపే రైలు. కుక్కతో వెళ్లడానికి నాకు అన్నిటికంటే నచ్చినవి కూడా ఈ రెండే, కాబట్టి వీటి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను.

బాంబెర్గ్ ఏడు కొండల మీద ఉన్న ఊరు. రెగ్నిట్స్ నది మధ్యలో చిన్న లంక మీద పాత టౌన్‌హాల్ కట్టారు, అటూ ఇటూ వంతెనలు. ఫొటోల్లో అందరూ చూసేది అదే. పైన కొండ మీద కేథడ్రల్ ఉంది. గుర్రం మీద కూర్చున్న పేరు తెలియని రాజు విగ్రహం, పోప్ రెండో క్లెమెంట్ సమాధి దాని లోపలే ఉన్నాయి. మేం వంతులు వేసుకున్నాం. నేను లోపలికి వెళ్లి అరగంట చూసొచ్చాను, తర్వాత మా ఆయన వెళ్లారు. బయట చౌకు విశాలంగా ఉంటుంది, ఒక పక్క గోడ నీడలో కుక్కతో కూర్చోవచ్చు. అయితే గంట కొట్టే సమయానికి చర్చి పక్కనే ఉండకండి. ఆదివారం ఉదయం ఆ గంటలు మొదలయ్యేసరికి ఝాన్సీ నా రెండు కాళ్ల మధ్య దూరి కూర్చుంది, గంటలు ఆగి పది నిమిషాలైనా కదల్లేదు.

బాంబెర్గ్‌కు నేను ఎక్కువ మార్కులు వేసేది హైన్ అనే పార్కు వల్ల. పాత టౌన్‌హాల్ నుంచి నది వెంబడి దక్షిణంగా నడుచుకుంటూ పోతే పెద్ద పెద్ద చెట్ల కిందికి చేరతాం. ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది, మట్టి దారులు కాబట్టి కుక్క పాదాలకు హాయి. లీష్ మాత్రం విప్పకండి, సైకిళ్లు బాగా తిరుగుతాయి. రచయిత, సంగీతకారుడు హోఫ్మాన్ 1808 నుంచి 1813 దాకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఆయన రాసిన ఒక కథలో బెర్గాంజా అనే కుక్క మనుషుల్లా మాట్లాడుతుంది. ఆ సంగతి తెలిశాక ఆ చెట్ల కింద నడుస్తూ ఝాన్సీ ఏమంటుందోనని ఒకసారి నిజంగానే దాని మొహం వంక చూశాను.

ఇంకోటి, బియర్ కెల్లర్లు. పూర్వం బీరు చల్లగా ఉంచడానికి కొండల్లో సొరంగాలు తవ్వారు, వాటి పైన చెట్ల కింద బల్లలు వేసి ఇప్పుడు తోటలుగా నడుపుతున్నారు. బాంబెర్గ్‌లో స్పెత్సియాల్ కెల్లర్ అలాంటిదే, అక్కడ కూర్చుంటే కేథడ్రల్ బురుజులు ఎదురుగా కనిపిస్తాయి. బీరు తాగనివాళ్లకు ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె దొరుకుతుంది. బవేరియాలో బియర్ గార్డెన్లలో సెల్ఫ్ సర్వీస్ బల్లల దగ్గర మన ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తినే ఆనవాయితీ ఉంది, తాగడానికి మాత్రం అక్కడే కొనాలి. శాకాహారులకు ఇది పెద్ద వరం. ఇలాంటి తోటల్లో మేం పులిహోర డబ్బా, ఆవకాయ, వడియాలు విప్పి కూర్చున్న రోజులున్నాయి. ఝాన్సీ బల్ల కింద కంకరలో ముందుకాళ్లతో చిన్న గుంట తవ్వి, అడుగున చల్లటి మట్టి తగిలాక పొట్ట ఆనించి పడుకుంటుంది. ఒకసారి అది అలా కుదురుకున్నాక గంటన్నర మనల్ని పిలవదు.

"హాబెన్ జీ వాసర్ ఫ్యూర్ డేన్ హుండ్?" అని అడగడం నేర్చుకోండి, కుక్కకు నీళ్లున్నాయా అని. చాలాచోట్ల మన ఆర్డర్ కంటే ముందు గిన్నెలో నీళ్లు వచ్చేస్తాయి.

బాంబెర్గ్‌కు ఉన్న లోటు ఎక్కుడు దిగుడు. కేథడ్రల్ కొండ, దాని వెనక మిఖాయెల్స్‌బెర్గ్ మఠం కొండ, అన్నీ ఎత్తే. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు, మోకాళ్లు పట్టేసే పెద్దవాళ్లకు కష్టం. ఇంకొకటి, ఆగస్టు చివర్లో సాండ్‌కెర్వా అనే ఉత్సవం ఐదు రోజులు జరుగుతుంది. ఊరంతా జనం, గాజుగ్లాసులు, ఆఖర్న బాణసంచా. ఆ వారం కుక్కతో అటు వెళ్లొద్దు.

రేగెన్స్‌బుర్గ్ దీనికి పూర్తిగా వేరు. పాత ఊరు దాదాపు చదునుగా ఉంటుంది. రైలు దిగగానే ఫ్యూర్స్ట్ అన్సెల్మ్ అలే అనే చెట్ల వరస కనబడుతుంది. 1779లో తుర్న్ ఉంట్ టాక్సిస్ వంశం ప్రభువు ఊరి చుట్టూ నాటించడం మొదలుపెట్టిన పచ్చటి పట్టీ అది. అంటే రైలు దిగిన ఐదు నిమిషాల్లో కుక్క కాలకృత్యాలు తీర్చుకుంటుంది, తర్వాతే మనం ఊళ్లోకి అడుగుపెడతాం. వినడానికి చిన్న విషయమే, రెండు గంటల ప్రయాణం చేసి దిగినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

డాన్యూబ్ మీద రాతి వంతెన 1135 నుంచి 1146 మధ్య కట్టారు. 300 మీటర్లకు పైగా పొడవు, కార్లు తిరగవు. దీని మీద ఒక కథ చెప్పుకుంటారు, కుక్క ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ. కేథడ్రల్ కట్టే మేస్త్రీ, వంతెన కట్టే మేస్త్రీ ఎవరు ముందు పూర్తి చేస్తారోనని పందెం కాశారట. వంతెన మేస్త్రీ వెనకబడి సైతాను సాయం కోరాడు. వంతెన మీద మొదట దాటే ఎనిమిది కాళ్లు నాకివ్వాలి అన్నాడట సైతాను. పని అయ్యాక మేస్త్రీ మనుషుల్ని ఆపి ఒక కోడిపుంజును, ఒక పెట్టను, ఒక కుక్కను తోలాడు. లెక్క సరిపోయింది, సైతాను కోపంతో వంతెనను కింది నుంచి గుద్దితే మధ్యలో ఎత్తు లేచిందట. నిజానికి ఇప్పుడున్న కేథడ్రల్ పని మొదలైంది వంతెన పూర్తయి వందేళ్లు దాటాకే. అయినా ఆ మధ్య ఎత్తు దగ్గరికి వచ్చినప్పుడు ఆ పేరు లేని కుక్క నాకు గుర్తొస్తుంది, ఝాన్సీ లీష్ కాస్త దగ్గరగా లాక్కుంటాను.

వంతెన దాటితే ష్టాట్‌అమ్‌హోఫ్ అనే పేట, కింద నది లంకల మీద గడ్డి. ఎండాకాలం సాయంత్రాలు ఊరంతా అక్కడే ఉంటుంది. ఒక్క హెచ్చరిక. వంతెన స్తంభాల దగ్గర నీళ్లు సుడులు తిరుగుతాయి, పైకి మామూలుగానే కనిపిస్తాయి. బంతి విసిరి కుక్కను అక్కడ నీళ్లలోకి దింపకండి. పాదాలు తడుపుకోవాలంటే సుడులకు దూరంగా, ఒడ్డు వాలుగా ఉన్న చోట లీష్ పట్టుకునే దింపండి.

వంతెన మొదట్లోనే నిప్పుల మీద సాసేజీలు కాల్చే పాత హోటల్ ఉంది. ఆ వాసనకు ఏ కుక్కా మాట వినదు. ఉప్పు, మసాలా ఎక్కువ కాబట్టి ముక్క పెట్టకపోవడమే మంచిది. క్రీ.శ. 179 నాటి రోమన్ కోట ద్వారం పోర్టా ప్రేటోరియా వీధి పక్కనే గోడలో కలిసిపోయి ఉంటుంది. టికెట్ లేదు, తలుపు లేదు, కుక్కతో సహా నిలబడి చూడొచ్చు. రేగెన్స్‌బుర్గ్‌లో చాలా వాటిని ఇలా వీధిలోంచే చూడొచ్చు. అందుకే మీవాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడు, అమ్మానాన్న, కుక్క, అందరూ కలిసి వెళ్లాలంటే నేను రేగెన్స్‌బుర్గే చెబుతాను. మీరిద్దరూ, హుషారైన కుక్క అయితే బాంబెర్గ్.

రోథెన్‌బుర్గ్: రాత్రి ఉంటేనే

ఈ ఊరి పేరు చెప్పకుండా ఎవరూ ఉండరు. టౌబర్ నదికి ఎగువన కొండ అంచు మీద, చుట్టూ కోటగోడ, లోపల రంగురంగుల ఇళ్లు. ప్ల్యోన్‌లైన్ అనే ఆ రెండు దారులు చీలే మలుపును మీరు క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. అది నిజంగానే అందమైన ఊరు. 1945 మార్చి 31న బాంబులు పడి తూర్పు వైపు చాలా భాగం కాలిపోయింది. తిరిగి కట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం డబ్బు పంపారు. కోటగోడ మీద నడుస్తుంటే దాతల పేర్లు చెక్కిన రాళ్లు వరసగా కనిపిస్తాయి, జపాన్ వాళ్ల పేర్లు చాలా ఉంటాయి.

కుక్కతో అయితే ఆ గోడే సమస్య. మెట్లు నిటారుగా ఉంటాయి, పైన దారి ఇరుకు. ఝాన్సీ ఎక్కేటప్పుడు ఉత్సాహంగా ఎక్కేసింది. దిగే చోటికి వచ్చాక కిందికి చూసి, నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడిపోయింది. బిస్కెట్ చూపించినా లాభం లేదు. వెనక జనం ఆగిపోయారు. చివరికి దాన్ని రెండు చేతులతో ఎత్తి ఛాతీకి హత్తుకుని, భుజం గోడకు రాస్తూ ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాను. దాని గుండె నా ముంజేతికి టకటకా కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. 19 కిలోల బరువును ఎలాగో దింపాను, 30 కిలోల లాబ్రడార్ అయితే నావల్ల అయ్యేది కాదు. గోడ ఎక్కాలనుకుంటే ఒకరు కింద కుక్కతో ఉండండి, ఒకరు ఎక్కండి. గోడ పక్కన లోపలి సందులు కూడా బాగుంటాయి, కుక్కకు అవే ఇష్టం.

పదకొండు గంటలకు బస్సులు దిగుతాయి, నాలుగింటి దాకా మార్కెట్ చౌకు దగ్గర కాళ్లు తప్ప ఏమీ కనపడవు. కుక్క ఎత్తు నుంచి ఆలోచించండి. దానికి ఆ అందమైన ఇళ్లు కనిపించవు, బూట్లు, సంచులు, సూట్‌కేసు చక్రాలే కనిపిస్తాయి. అందుకే పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లకు నేను రోథెన్‌బుర్గ్ చెప్పను. ఒక రాత్రి ఉండండి. పొద్దున ఆరున్నరకు ఊరు ఖాళీగా మీదే అవుతుంది. జనం వచ్చే వేళకు బుర్గ్‌గార్టెన్ తోట వైపు నుంచి టౌబర్ లోయలోకి దిగిపోండి. రెండంతస్తుల వంతెన, 1388లో కట్టిన చిన్న టోప్లర్ భవంతి, ఇంకా ముందుకు నడిస్తే డెట్‌వాంగ్ పల్లె. నది చిన్నది, లోతు తక్కువ చోట్ల ఝాన్సీ గంటసేపు ఆడింది. మళ్లీ ఊళ్లోకి ఎక్కడం మాత్రం ఆయాసమే. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక తిరిగి రండి.

బేకరీ అద్దాల్లో ష్నేబాల్ అని గుండ్రటి పిండివంట పేర్చి ఉంటుంది. చాలా వాటికి చాక్లెట్ పూత ఉంటుంది, చాక్లెట్ కుక్కలకు విషం. రోడ్డు మీద పడిన ముక్కలు ఏరుకుని తినకుండా కనిపెట్టుకోండి.

బెర్లిన్ వైపు వాళ్లకు క్వేడ్లిన్‌బుర్గ్

బెర్లిన్, లైప్‌జిగ్, మాగ్డెబుర్గ్ వైపు ఉండేవాళ్లు బవేరియా దాకా రావాల్సిన పని లేదు. హార్ట్స్ కొండల అంచున ఉన్న క్వేడ్లిన్‌బుర్గ్‌లో చెక్క చట్రాల ఇళ్లు రెండు వేలకు పైగా ఉన్నాయి. యునెస్కో జాబితాలో 1994లో చేరింది. జర్మనీ తొలి రాజుల్లో ఒకడైన మొదటి హైన్‌రిఖ్ 936లో చనిపోతే ఇక్కడి కొండ మీదే పూడ్చారు. తూర్పు జర్మనీ రోజుల్లో ఈ ఇళ్లు చాలావరకు పాడుబడ్డాయి, 1990 తర్వాత ఒక్కొక్కటీ బాగుచేస్తూ వచ్చారు. బాగుచేసిన ఇంటి పక్కనే ఇంకా వంగిపోయి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. నాకు ఆ ఊరు నచ్చింది అందుకే. రోథెన్‌బుర్గ్‌లో లేని ప్రశాంతత ఇక్కడుంది.

ఇక్కడి వీధుల్లో పరిచిన రాళ్లు మాత్రం గరుకు, ఎగుడుదిగుడు. రాళ్ల మధ్య సందుల్లో కుక్క గోళ్లు ఇరుక్కుంటాయి. వెళ్లే ముందు గోళ్లు కత్తిరించండి. మధ్యాహ్నం ఒకసారి పాదాలు తిప్పి, వేళ్ల మధ్య కంకర ముక్కలు ఇరుక్కున్నాయేమో చూడండి. కోటకొండ కింద బ్ర్యూల్ పార్కు ఉంది, అక్కడ కాళ్లకు విశ్రాంతి.

దీనికి ఒక్క రోజు చాలదు, రెండు రాత్రులు కావాలి, ఎందుకంటే అసలు ఆనందం రెండో రోజు. రైల్లో పది పన్నెండు నిమిషాలు వెళ్తే థాలె. అక్కడి నుంచి బోడె నది లోయలో ట్రేజెబుర్గ్ దాకా సుమారు 10 కిలోమీటర్ల నడక దారి, ఒక పక్క నిలువు రాళ్లు, ఒక పక్క నది. రాళ్లు జారిపడతాయని కొన్నిసార్లు దారి మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. నడకంటే ప్రాణం పెట్టే కుక్క మీకుంటే ఈ వ్యాసంలో చెప్పిన అన్ని ఊళ్లలోకీ ఇదే మొదటిది. పొగబండి మీద మోజుంటే క్వేడ్లిన్‌బుర్గ్ నుంచే చిన్న పట్టాల ఆవిరి రైలు కొండల్లోకి వెళ్తుంది. కుక్క శబ్దాలకు బెదిరేదైతే ఇంజన్‌కు దూరంగా ఉన్న చివరి పెట్టె ఎక్కండి.

చలికాలంలో ల్యూబెక్

హాంబుర్గ్ నుంచి ముప్పావుగంట. చుట్టూ నీళ్లు, మధ్యలో లంకలా పాత ఊరు. 1464లో మొదలుపెట్టి 1478లో పూర్తి చేసిన హోల్‌స్టెన్ ద్వారం బరువుకు నేలలోకి దిగి కాస్త ఒరిగి ఉంటుంది. ఇళ్ల వెనక గ్యాంగె అనే సన్నటి సందులున్నాయి, కొన్నింటిలోకి తల వంచుకుని దూరాలి. అక్కడ మనుషులు కాపురాలుంటున్నారు కాబట్టి కుక్క మొరగకుండా, గుమ్మాల దగ్గర కాలెత్తకుండా చూసుకోవడం మన మర్యాద. 1942 మార్చి 28 రాత్రి బాంబుల్లో మరియెన్ చర్చి గంటలు కింద పడి పగిలాయి. ఆ పగిలిన గంటల్ని పడిన చోటే ఉంచేశారు. ఈ ఒక్కదానికి మాత్రం వంతులు వేసుకునైనా ఇద్దరూ లోపలికి వెళ్లి చూడండి.

మిగతా ఊళ్లకు లేనిది ల్యూబెక్‌కు ఉంది, సముద్రం. ట్రావెమ్యూండె తీరానికి రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు. ఎండాకాలంలో కుక్కలను వాటికి కేటాయించిన హుండెష్ట్రాండ్ మీదే తిప్పాలి. అందుకే నేను అక్టోబరు తర్వాత వెళ్లమంటాను. గాలి ముక్కు కోసేస్తుంది, జనం ఉండరు. ఎప్పుడూ సముద్రం చూడని ఝాన్సీ మొదటి అల పాదాలకు తగలగానే వెనక్కి దూకింది, రెండో అలను మొరిగి తరిమింది, అల వెనక్కి పోయేసరికి తానే తరిమాననుకుని మా వైపు చూసింది. ఎర్లాంగెన్ నుంచి అంత దూరం వెళ్లినందుకు నాకు ఆ చూపు చాలు. ఉప్పునీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, మంచినీళ్ల సీసా చేతిలోనే ఉంచుకోండి.

హైడెల్‌బెర్గ్ గురించి క్లుప్తంగా చెప్తాను. ఫ్రాంక్‌ఫుర్ట్, మాన్‌హైమ్ వైపు వాళ్లకు దగ్గర. హౌప్ట్‌ష్ట్రాసె బజారు వీధి శనివారం కిక్కిరిసి ఉంటుంది. కుక్కతో అటు పోకుండా పాత వంతెన దాటి ఫిలాసఫర్ల దారి, దాని పైన హైలిగెన్‌బెర్గ్ అడవి వైపు వెళ్లండి. కోట అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. వంతెన దగ్గర పాము మెలికల దారి అని మెట్ల దారి ఉంది, అది నిటారు. కుక్క ఎక్కుతుంది, మనకే రొప్పు. ఒక్క రోజు చాలు, రాత్రి ఉండక్కర్లేదు.

గది, కాలం, డాక్టర్

గది బుక్ చేసేటప్పుడు కుక్కలకు ప్రవేశం ఉంది అన్న గుర్తు చూసి ఆగిపోకండి. మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రికి కుక్కకు అదనంగా ఎంత? టిఫిన్ గదిలోకి రానిస్తారా? గదిలో ఒంటరిగా వదలొచ్చా? మేం అడక్కుండా వెళ్లిన ఒకచోట టిఫిన్ గదిలోకి కుక్క రాకూడదన్నారు, గదిలో ఒంటరిగానూ ఉండకూడదన్నారు. ఇద్దరం వంతులవారీగా తిన్నాం, రెండో మనిషికి వేడి వేడిది ఏమీ మిగల్లేదు. అప్పటి నుంచి వంటగది ఉన్న ఫెరియెన్‌వోనుంగ్, అంటే రోజులకు అద్దెకిచ్చే ఇల్లు, తీసుకుంటున్నాం. అన్నం వండుకోవచ్చు, కుక్కకూ ఇల్లులా ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి కుక్క తిండి ఇంటి నుంచే కొలిచి తీసుకెళ్లండి.

నెలల్లో మంచివి ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్. జూలై, ఆగస్టుల్లో పరిచిన రాళ్లు కాలిపోతుంటాయి. అరచేతి వెనకభాగం రాయి మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్కను నడిపించకండి. డిసెంబరు క్రిస్మస్ సంతలకు సాయంత్రం వేళ కుక్కను తీసుకెళ్లడం నాకు అస్సలు ఇష్టం లేదు, ఆ జనంలో పాదాలు నలిగిపోతాయి, వేడి వైన్ ఒలుకుతుంది. డిసెంబర్ 31 రాత్రి ఏ ఊరూ వద్దు, టపాసుల మోతకు బెదిరి పారిపోయే కుక్కలు ఎక్కువ. తప్పిపోయిన జంతువుల్ని వెతికిపెట్టే టాసో అనే సంస్థలో, కుక్క చర్మం కింద పెట్టే చిప్ నంబరు ఉచితంగా నమోదు చేయొచ్చు, చేసి ఉండకపోతే ఈ రోజే చేయండి. వసంతం నుంచి శరదృతువు దాకా గడ్డిలో గోమార్లుంటాయి, ప్రతి సాయంత్రం చెవుల వెనక, చంకల్లో వెతికి తీసేయండి.

శని, ఆదివారాల్లో కుక్కకు ఏమైనా అయితే ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్న పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మామూలు ఫీజు పెరుగుతుంది, దాని మీద 50 యూరోల ఎమర్జెన్సీ రుసుము, పన్ను అదనం. వెళ్లే ఊళ్లో ఆ వారం డ్యూటీ ఎవరిదో ముందే ఫోన్లో రాసిపెట్టుకుంటే రాత్రిపూట టెన్షన్ ఉండదు. టీకాల పుస్తకం, ఆ నీలం రంగు ఈయూ పాస్‌పోర్ట్, బ్యాగులో ఉండాలి. ఇండియా నుంచి కుక్కను తెచ్చుకున్నవాళ్లకు ఈ కాగితాల విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. రేబిస్ టీకా వేయించి, నెల ఆగి, రక్తపరీక్ష చేయించి, మళ్లీ మూడు నెలలు కాచుకున్న వాళ్లు కదా.

ఇప్పుడు ఝాన్సీకి తొమ్మిదేళ్లు. వెనకకాళ్లు పొద్దున్నే కాస్త బిగుసుకుంటున్నాయి, మెట్ల దగ్గర ఆగి నా వైపు చూస్తోంది. ఈ అక్టోబరులో బాంబెర్గ్ కొండలు పక్కనబెట్టి రేగెన్స్‌బుర్గ్‌లో రెండు రాత్రులకు ఇల్లు తీసుకున్నాం, నదికి దగ్గర్లో, మెట్లు లేకుండా కింది అంతస్తులో.